గుడియాత్తం దారిలో డాక్టరమ్మ: ఐడా స్కడర్ జీవితం, మన ఊళ్ళకు దాని అవసరం

మన కోలారు, కేజీఎఫ్ వైపు తెలుగిళ్ళలో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే పెద్దల నోట ముందుగా వచ్చే మాట రాయవేలూరు. బెంగళూరులో ఎన్ని పెద్దాసుపత్రులు వచ్చినా ఆ మాట ఇంకా పోలేదు. వి.కోట, పేర్నంబట్టు, గుడియాత్తం మీదుగా అక్కడికి వెళ్ళే దారి మనకు కొత్త కాదు. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రి పేరు వినని ఇల్లు మన హోబళిలో ఉండదేమో. అయితే ఆ ఆసుపత్రిని నిలబెట్టిన డాక్టరమ్మ వారం వారం గుడియాత్తం దారి పట్టి, నర్సులను, శిష్యురాళ్ళను వెంటబెట్టుకొని, చెట్ల కింద ఆగి ఊరివాళ్ళకు వైద్యం చేసేవారని మనలో చాలామందికి తెలియదు. ఆమె పేరు ఐడా స్కడర్.

ఆమె జీవితాన్ని ఇప్పుడు గుర్తు చేయడానికి ఒక కారణం ఉంది. ఈమధ్య వైద్య విద్యార్థులు ఊళ్ళలోకి వస్తున్నారు. చేతిలో కాగితాలు పట్టుకొని, మెడలో గుర్తింపు కార్డు వేసుకొని, ఇంటింటి తలుపు తడుతున్నారు. రేషన్ కార్డు పోతుందేమోనని ఒకరు, ఏ మందు అమ్మడానికి వచ్చారోనని ఇంకొకరు, మన భాష రాని పిల్లలతో ఏం మాట్లాడతామని మరొకరు తలుపు వేసుకుంటున్నారు. ఆ పిల్లలు తలుపు తట్టినప్పుడు మనం ఏం చేయాలో ఆలోచించుకోవడానికి ఐడా స్కడర్ కథ ఉపయోగపడుతుందని మా సంఘం అనుకుంటోంది.

కరువులో బాల్యం

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా అంటే ఈనాటి చిత్తూరు కూడా అందులో భాగమే. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. తమిళం, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపించే సీమ అది. మన కోలారులో కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ కలిసి బతుకుతున్నట్టే.

వాళ్ళది అమెరికా నుంచి వచ్చిన వైద్యుల కుటుంబం. తాత జాన్ స్కడర్ 1819లోనే మిషనరీ వైద్యుడిగా సింహళానికి బయలుదేరి వచ్చారు. తండ్రి కూడా అదే పనిలో ఉన్నారు. ఐడాకు ఆరేడేళ్ళ వయసులో 1876-78 నాటి మహా కరువు వచ్చింది. మద్రాసు రాజధానిని, మైసూరు సంస్థానాన్ని ఊడ్చిపెట్టిన కరువు అది. ఒక్క మైసూరు సంస్థానంలోనే సుమారు 10 లక్షలమంది చనిపోయారని లెక్క. ఆ చిన్న వయసులోనే ఐడా ఆకలితో ఉన్న పిల్లల చేతుల్లో రొట్టె ముక్కలు పెట్టవలసి వచ్చింది. ఆ దృశ్యాలు చూసిన అమ్మాయికి ఇండియా అంటే భయం పట్టుకుంది. చదువుకోసం అమెరికా వెళ్ళినప్పుడు, తాను మాత్రం మిషనరీ పనికి తిరిగి రానని గట్టిగా అనుకున్నారు. అక్కడే పెళ్ళి చేసుకొని స్థిరపడాలన్నది ఆమె కోరిక.

తల్లికి ఒంట్లో బాగాలేదని కబురు రావడంతో 1890లో తిండివనానికి వచ్చారు. తల్లి కోలుకోగానే వెళ్ళిపోదామనుకున్నారు.

ఒక రాత్రి, మూడు కాన్పులు

ఆ రోజుల్లోనే ఆమె దారి మార్చిన రాత్రి వచ్చింది. చీకటి పడ్డాక ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య కాన్పు కష్టమైందని, వచ్చి చూడమని ఐడాను అడిగాడు. తనకు వైద్యం రాదనీ, తండ్రి డాక్టరనీ, ఆయనను తీసుకువెళ్ళమనీ ఆమె చెప్పారు. పరాయి మగవాడు తన భార్యను చూడడానికి వీల్లేదని అతను వెనుదిరిగాడు. కొంతసేపటికి ఒక ముస్లిం వచ్చి అదే అడిగాడు, అదే కారణంతో తిరిగి వెళ్ళాడు. ఆ తర్వాత మూడో మనిషి, ఇంకో పై కులం హిందువు, వచ్చాడు. అతనిదీ అదే కథ. తెల్లవారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఆ ముగ్గురూ కాన్పు కష్టమై పోయారని ఆసుపత్రి లెక్క చెబుతుంది. కానీ డాక్టరు అదే ఊళ్ళో, నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాడు. వాళ్ళకూ వైద్యానికీ మధ్య అడ్డం నిలిచింది ఆచారం. ఆడవాళ్ళకు చదువు లేకపోవడం, ఆడ డాక్టరు లేకపోవడం, పురుడు పోసే మంత్రసానికి తగిన శిక్షణ లేకపోవడం అడ్డం నిలిచాయి. ఇటువంటివాటినే ఇప్పుడు ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక కారణాలు అంటున్నారు. నీళ్ళు, తిండి, ఇల్లు, చదువు, కూలి, కులం, ఆడమగ తేడా అన్నీ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీనిపై ఒక సంఘాన్ని వేసి 2008లో నివేదిక ఇచ్చింది. ఆ పేరు పుట్టకముందే ఐడాకు ఆ సంగతి ఒక్క రాత్రిలో తెలిసివచ్చింది.

ఆమె తిరిగి అమెరికా వెళ్ళి, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి, 1899లో పట్టా అందుకున్నారు. వచ్చే ముందు ఆసుపత్రికోసం చందాలు అడుగుతూ తిరిగారు. షెల్ అనే బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు. స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి 1900లో వేలూరు చేరుకున్నారు. ఆనీ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళతో పరిచయం పెంచుకునే పని చేపట్టారు.

వచ్చిన కొద్ది నెలలకే తండ్రి పోయారు. దగ్గరుండి నేర్పించే పెద్ద డాక్టరు లేరు. ఇంట్లోనే చిన్న గదిలో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. మొదట్లో ఎవరూ రాలేదు. కొత్త డాక్టరు, అందులోనూ వయసులో ఉన్న ఆడమనిషి, మందులో ఏం కలుపుతుందోనన్న అనుమానం. ఇంట్లో పని చేసే సలోమి అనే ఆమె పక్కన నిలబడి సాయం చేయడం నేర్చుకుంది. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, వచ్చినవాళ్ళకు వాళ్ళ మాటల్లోనే ధైర్యం చెప్పడం ఆమె పనులు. నర్సుల బడి పుట్టకముందే అక్కడ పని నేర్చుకున్న మొదటి మనిషి ఊరి మనిషే. 1902లో 40 మంచాల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకునేసరికి జనం బారులు తీరారు.

దారి పక్కన చెట్టు నీడ

ఆసుపత్రి కట్టాక ఐడా ఒక సంగతి గమనించారు. వేలూరు దాకా రాగలిగినవాళ్ళే ఆమె దగ్గరికి వస్తున్నారు. బండి లేనివాళ్ళు, కూలి పోతే పూట గడవనివాళ్ళు, ఇల్లు దాటి రాకూడని ఆడవాళ్ళు, ఊరు వెలివేసిన కుష్టు రోగులు రాలేకపోతున్నారు. వచ్చినవాళ్ళు కూడా చాలా ఆలస్యంగా వస్తున్నారు. అందుకని తానే దారి పట్టారు. వేలూరు నుంచి గుడియాత్తం సుమారు 35 కిలోమీటర్లు. వారానికో రోజు ఆ దారిన పోయేవారు. 1909లో ఒక చిన్న ప్యూజో మోటారు కారు దొరికింది. మోటారు ఎరుగని జనం తొలిరోజుల్లో దాన్ని చూసి పొలాల్లోకి పరుగెత్తారట.

బండి ఫలానా మర్రి కింద, ఫలానా మలుపులో ఆగుతుందని క్రమంగా ఊళ్ళకు తెలిసిపోయింది. జనం తెల్లవారకముందే వచ్చి కూర్చునేవారు. గజ్జి, కురుపులు, కళ్ళకలకలు, పంటి నొప్పి, పసిపిల్లల విరేచనాలు, కుష్టు అన్నీ అక్కడికే వచ్చేవి. అక్కడే పుండు కోసి కట్టు కట్టడం, పన్ను పీకడం, ముదిరినవాళ్ళను బండిలో ఎక్కించుకొని వేలూరు తీసుకుపోవడం జరిగేది. అంటరానివాళ్ళని దూరంగా నిలబెట్టినవాళ్ళకూ ఆ చెట్టు నీడలోనే చోటు దొరికింది.

ఈ దారి వైద్యం ఐడా ఒక్కరి గొప్పతనం వల్లే నడవలేదు. ఏ రోజు ఎక్కడ ఆగాలో చెప్పింది ఊళ్ళే. నడవలేని వాళ్ళను మంచాల మీద మోసుకొచ్చింది, ఫలానా ఇంట్లో బాలింత జ్వరంతో ఉందని దారికి అడ్డంపడి చెప్పింది కూడా ఊరివాళ్ళే. ఊరు సగం దూరం ఎదురు వచ్చింది కాబట్టే వైద్యం మిగతా సగం నడిచి చేరగలిగింది.

శిష్యురాళ్ళతో ఊళ్ళలోకి

ఒక్క మనిషి ఎన్ని ఊళ్ళు తిరిగినా తరగని పని అది. అందుకే ఐడా మనుషులను తయారుచేయడం మొదలుపెట్టారు. 1909లో నర్సుల శిక్షణ బడి వచ్చింది. ఆపైన ఆడపిల్లల వైద్య పాఠశాల పెడతానంటే ప్రభుత్వ వైద్యశాఖ పెద్దలు నవ్వారు. ముగ్గురు కూడా చేరరని వాళ్ళ అంచనా. 1918 ఆగస్టు 12న పాఠశాల తెరిచేనాటికి 151 దరఖాస్తులు వచ్చాయి. అంతమందిని చేర్చుకునే చోటు లేక కొద్దిమందినే తీసుకున్నారు. మొదటి ఏడాది ప్రభుత్వ పరీక్షకు కూర్చున్న 14 మందీ గట్టెక్కారు. మగపిల్లల బడుల్లో ఎక్కువమంది తప్పిన ఆ పరీక్షలో ఒక్కరూ తప్పకపోవడం మద్రాసులో పెద్ద వార్త అయింది.

ఈ అమ్మాయిలను ఐడా దారి వైద్యానికి తీసుకువెళ్ళేవారు. వార్డులో మంచం మీద పడుకున్న రోగిని చూస్తే జబ్బు తెలుస్తుంది. చెట్టు కింద కూర్చున్న మనిషిని, ఆమె వెనక ఉన్న గుడిసెను, గుడిసె పక్కన నీళ్ళ గుంటను చూస్తే జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. పసిబిడ్డకు విరేచనాల మందు ఇచ్చి పంపితే వచ్చే వారం మళ్ళీ వస్తాడు, ఎందుకంటే ఆ గుంట అక్కడే ఉంటుంది. వైద్యం చదివే పిల్లలు ఊళ్ళలోకి ఎందుకు వెళ్ళాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

1930ల చివర ఇంకో పరీక్ష వచ్చింది. డిప్లొమా వైద్య పాఠశాలలు చాలవనీ, విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చే కళాశాలలే ఉండాలనీ మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. లేకపోతే పాఠశాల మూయాలి. 70 ఏళ్ళ వయసులో ఐడా మళ్ళీ అమెరికా వెళ్ళి, యుద్ధకాలంలో ఏళ్ళ తరబడి చందాలకోసం తిరిగారు. ఆడపిల్లలకోసమే పెట్టిన కళాశాలలో మగపిల్లలను చేర్చుకుంటే తప్ప నిలబడదన్న మాట వచ్చినప్పుడు, మొదటినుంచీ సాయం చేసిన కొందరు ఆడవాళ్ళు బాధపడ్డారు. ఐడాకూ అది తేలిక నిర్ణయం కాదు. చివరకు ఒప్పుకున్నారు. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది, 1947లో మగపిల్లలు చేరారు.

ఐడా 1946లో బాధ్యతలు దించుకున్నారు. ఆ తర్వాత కొద్దికాలానికే సంస్థను నడిపే బరువు ఒక తెలుగు ఆడపడుచు భుజాలమీదికి వచ్చింది. విశాఖపట్నంలో 1890లో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ సి.ఎం.సి.కి తొలి భారతీయ డైరెక్టరు అయ్యారు. ఈ సంగతి మన తెలుగిళ్ళలో పిల్లలకు చెప్పుకోదగినది.

ఐడా 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు. ఇండియాకు తిరిగి రానని పట్టుబట్టిన అమ్మాయి డాక్టరై వచ్చాక 60 ఏళ్ళు ఇక్కడి మనిషిగానే గడిపారు.

ఆమె తర్వాత

వైద్యుడు సమాజాన్ని ఎరిగినవాడు కావాలన్న మాట 1946 నాటి భోర్ కమిటీ నివేదికలోనూ ఉంది. 1978లో ఆల్మా ఆటా సభ ప్రపంచానికంతటికీ ప్రాథమిక ఆరోగ్యమే ముఖ్యమని చెప్పింది. వేలూరువాళ్ళు అప్పటికే దారి వైద్యాన్ని ఊరి ఆరోగ్య కార్యక్రమాలుగా పెంచారు. కణియంబాడి ప్రాంతంలో ఇంటింటి కాన్పులు, జననాలు, మరణాలు నమోదు చేస్తూ పనిచేసే విభాగం ఉంది. కె.వి.కుప్పంలో 1977 నుంచి వైద్యంతోపాటు ఊరి జీవనోపాధిని కూడా పట్టించుకునే ఇంకో సంస్థ నడుస్తోంది. వైద్యం, నర్సింగు చదివే పిల్లలు చదువు తొలిరోజుల్లోనే కలిసి ఒక ఊళ్ళో మకాం పెట్టి, ఇల్లిల్లూ తిరిగి, ఊరి పటం గీసి, నీళ్ళు ఎక్కడివి, పొయ్యి ఏది, కూలి ఎంత అని రాసుకొని, తెలిసినదాన్ని ఊరివాళ్ళ ముందే చెప్పే పద్ధతి పెట్టారు.

మన దేశంలో ఇప్పుడు ఇది ఒక్క వేలూరు సంగతి కాదు. జాతీయ వైద్య కమిషన్ 2022లో కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చింది. ఎం.బి.బి.ఎస్. పిల్లలు మొదటి ఏడాదినుంచే ఊళ్ళలో కొన్ని కుటుంబాలను ఎంచుకొని, వాళ్ళ బాగోగులు చూస్తూ ఉండాలి. కోలారు పక్కన టమకలో వైద్య కళాశాల 1986 నుంచి ఉంది. పల్లెల్లో తలుపులు తట్టే పిల్లలు ఈ లెక్కన వచ్చేవాళ్ళే.

మన వంతు

ఇక్కడే మన సంగతి వస్తుంది. మన జిల్లాలో జబ్బుల వేళ్ళు చాలావరకు మందుల షాపులో దొరకని చోట్ల ఉన్నాయి. చెరువులు రెండు వేలకు పైగా ఉన్న జిల్లా ఇది. అవి ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాక, నీళ్ళలో ఫ్లోరైడు మన పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలై, పెద్దవాళ్ళ కీళ్ళలో పట్టై కనిపిస్తోంది. 2018 నుంచి బెంగళూరు శుద్ధి నీళ్ళు చెరువుల్లోకి వస్తున్నాయి. ఆ నీటిమీద మంచీ చెడూ రెండు మాటలూ ఉన్నాయి. టమాటా తోటల్లో మూతికి గుడ్డ కూడా లేకుండా మందు కొట్టే కూలివాళ్ళు ఉన్నారు. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడినా, లోపల పనిచేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతిధూళి మూతపడలేదు. గాలి వీచినప్పుడు సైనైడు దిబ్బల దుమ్ము ఇప్పటికీ ఇళ్ళలోకి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ రోగి చీటీలో రాయరు. ఇంటికి వచ్చి అడిగినవాళ్ళకే తెలుస్తుంది.

అడగడానికి వచ్చినవాళ్ళు పిల్లలు, చాలామంది బయటి ఊళ్ళవాళ్ళు. కొందరికి కన్నడమే అంతంతమాత్రం, తెలుగు అసలే రాదు. మన ఇళ్ళలోని అవ్వలకు మందు చీటీ చదవడం రాదు, ఒంటి బాధ తెలుగులో తప్ప చెప్పడం రాదు. ఆ ఇద్దరి మధ్య ఒక మనిషి నిలబడకపోతే ఆ పిల్లలు కాగితంలో గళ్ళు నింపుకొని వెళ్ళిపోతారు, అవ్వ బాధ అవ్వ దగ్గరే ఉండిపోతుంది. ఐడాకు సలోమి ఎలా నిలబడిందో అలా నిలబడవలసినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. డిగ్రీ చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు తెలుగు, కన్నడ రెండూ బాగా ఎరిగినవాళ్ళే.

మన పాఠకులకు మా సంఘం చెప్పేది ఇది. విద్యార్థులు వస్తే గుర్తింపు కార్డు చూడండి, ఏ కళాశాలనుంచో అడగండి, ఆ తర్వాత లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇవ్వండి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అడిగితే చెప్పనక్కర లేదు. జబ్బు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో, పొయ్యి ఎక్కడ ఉందో, తోటలో ఏ మందు కొడుతున్నారో, ఇంట్లో తాగేవాళ్ళు ఉన్నారో లేదో, కోడలు కాన్పుకు ఎక్కడికి వెళ్ళిందో కూడా చెప్పండి. మనం చెప్పినదాన్ని ఏం చేశారో మళ్ళీ వచ్చి ఊరివాళ్ళకు చెప్పమని అడగండి. రాసుకొని పోయి తిరిగి రాకపోతే అది సగం పనే. నీళ్ళ పరీక్ష ఫలితం ఊరి పంచాయతీకి అందాలని పట్టుబట్టడం మన హక్కు.

సుగటూరు హోబళి ఊళ్ళలో ఇలా విద్యార్థుల వెంట తిరిగి మాట మార్చి చెప్పగల యువకుల పేర్లు మా సంఘం రాసుకుంటోంది. వారానికి ఒక పూట ఇస్తే చాలు. మీ ఇంట్లో అటువంటి పిల్లలు ఉంటే సంఘం ఆఫీసుకు పంపండి, లేదా మీ వీధి పెద్దలకు చెప్పండి. వచ్చే సమావేశంలో మొదటి జాబితా సిద్ధం చేసి కళాశాలవాళ్ళకు అందజేస్తాం.